రెండో రాతి బాడిస

“గడ్డపారతోటి ఏడ కొట్టినవ్ కాకా?”

“నెత్తి మీద.”

“ముందటికెల్లా, ఎన్కకెల్లా?”

ఫూల్‌సింగ్ మంచానికి బేడీ వేసిన కుడిచేతిని కాస్త కదిపి, “ఎన్కకెల్లి” అన్నాడు.

అంబిక స్టూలు దగ్గరికి జరుపుకుంది. “పోస్ట్‌మార్టం కాయితం నేను చదివిన. సారు నెత్తికి దెబ్బ లేదు. ముందట లేదు, ఎన్క లేదు. ఊపిరితిత్తులల్ల మట్టి ఉన్నది. గోడ కూలి మీద పడితె ఊపిరాడక పోయిండు. గడ్డపార ముచ్చట ఎవలు నేర్పిన్రు నీకు?”

“ఎవలు నేర్పలే. నేనే చంపిన. పోలీసోళ్లకు చెప్పిన, జడ్జిసారుకు చెప్పిన. నీకు గూడ చెప్తున్న.”

రిమాండులో ఉండగా ఛాతీ నొప్పి వస్తే ఫూల్‌సింగ్‌ను బాన్సువాడ దవాఖానకు తెచ్చారు. మగవాళ్ల వార్డులో చివరి మంచం. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఫోన్ చూసుకుంటున్నాడు. వకీలు రాసిచ్చిన చీటీ చూపించి అంబిక లోపలికి వచ్చింది. ఒకప్పుడు ఆమె పోలీసు శాఖలో ఎస్సై. ఉద్యోగం వదిలేసి నిజామాబాద్‌లో సొంతంగా పరిశోధనలు చేస్తోంది. పుట్టింది ఇక్కడికి దగ్గరే, బీర్కూర్‌లో. ఫూల్‌సింగ్ భార్య సోనాబాయి ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, “మా ఆయన అబద్ధం చెప్తుండు, ఎందుకో నువ్వే తెలుసుకో అక్కా” అని గుమ్మంలో కూర్చుండిపోయింది. అట్లా ఈ కేసు ఆమె చేతికి వచ్చింది.

చనిపోయినవాడు రాజేంద్రప్రసాద్. ఇండోనేషియా ప్రజల పూర్వీకులు ఎవరు, ఎక్కడి నుంచి ఆ దీవులకు చేరారు అన్నదే జీవితమంతా వెతికిన మనిషి. జావాలో ఒక మ్యూజియంలో చాలా ఏళ్లు కొలువు చేసి, రిటైరై వచ్చి బాన్సువాడలో కిరాయి ఇంట్లో దిగాడు. బీర్కూర్ దగ్గర మంజీర ఒడ్డున ‘మంజీర మూలాల ట్రస్టు’ అనే సంస్థ డబ్బుతో గుంత తవ్వించాడు. అందులో నాలుగు పలకలుగా నునుపు దేరిన రాతి బాడిస ఒకటి దొరికింది. కొన్ని వేల ఏళ్ల కింద జావాలో అడవులు నరికి పొలాలు చేసుకున్నవాళ్ల చేతిలో ఉండిన పనిముట్టు అచ్చం అలాంటిదే. ఆ వార్త పేపర్లలో వచ్చింది. తర్వాత కొన్నాళ్లకే అదే గుంతలో, కూలిన గోడ కింద ఆయన శవం దొరికింది. గుంతకు కావలి ఉన్న ఫూల్‌సింగ్ తానే చంపానని ఒప్పుకున్నాడు.

“సారు మంచోడేనా కాకా?”

ఆ ప్రశ్న ఫూల్‌సింగ్ ఊహించలేదు. కళ్లు పైకెత్తి చూశాడు.

“మంచోడు. పొద్దుమూకినంక షెడ్డు కాడ కూసుండి ముచ్చట జెప్పేటోడు. గా దేశంల వేలకువేల దీవులు ఉన్నయంట. మొదలు నల్లటి మనుషులు వచ్చిన్రంట, సముద్రం లోపలికి గుంజుకపోయిన కాలంల. కొంత దూరం నడిచి, కొంత దూరం తెప్పల మీద. గుహ గోడకు చెయ్యి ఆనిచ్చి, ఎర్రమన్ను నీళ్లు నోట్ల పోసుకొని ఊదేటోళ్లంట. చెయ్యి తీస్తె చెయ్యి ఆనవాలు మిగుల్తది. గవి ఇప్పటికీ ఉన్నయంట.” అతని గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. “ఎనకసిరి తైవాన్ దిక్కుకెల్లి పడవల మీద ఇంకోళ్లు వచ్చిన్రు. బోర్ల పడకుండ పడవకు పక్కలకు కట్టెలు కట్టుకొని. పందులు, కుక్కలు, ఇత్తనాలు, కుండలు అన్ని ఏసుకొని. నేనన్న, మా పెద్దోళ్లు గూడ ఎద్దుల మీద ఉప్పు మూటలు ఏసుకొని గట్లనే వచ్చిన్రు సారూ అని. నవ్విండు. ఎవడూ ఉన్నకాడ పుట్టలేదు ఫూల్‌సింగ్, అందరు వచ్చినోళ్లే, అందరు కలిసినోళ్లే అన్నడు.”

“గసొంటి మనిషిని ఎందుకు చంపినవ్?”

“రాయి కోసం.”

“రాయి ట్రస్టోళ్ల తిజోరిల ఉన్నది. ఆయనను చంపితె నీ చేతికెట్ల వస్తది?”

ఫూల్‌సింగ్ దుప్పటి పైకి లాక్కున్నాడు.

“ఆ రోజు పొద్దుగాల నీ కొడుకు రూప్‌సింగ్ సారుతోటి లొల్లి పెట్టుకున్నడు. కూలోళ్లందరు ఇన్నరు.”

బేడీ మంచం కడ్డీకి తగిలి చప్పుడైంది. “వానికి ఏం తెల్వదు. వాని పేరు తియ్యకు. నేనే చేసిన అంటున్న గద. ఇగ పో బిడ్డా.”

గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతను కొడుకు కోసమే అబద్ధం చెబుతున్నాడని అంబికకు అర్థమైంది. కానీ కొడుకు కూడా ఏమీ చేయలేదని ఎలా రుజువు చేయాలి? రూప్‌సింగ్‌ను ఆమె నిన్ననే డోంగ్లిలో అతని మేనమామ ఇంట్లో పట్టుకుంది. డిగ్రీ చదివి బాన్సువాడలో ఆఫీసు పని చేస్తున్న కుర్రాడు. సెలవు దొరికితే గుంత దగ్గరే ఉండేవాడు, సారంటే అంత అభిమానం. “సారు గోడల ఏదో పెట్టుడు నేను చూసిన మేడం. ఏంది సారూ అని అడిగిన. నువ్వు గూడ నన్ను నమ్మవా అని మీదికొచ్చిండు. నాకు మనసిరిగి పోయింది, బండి తీసుకొని వచ్చేసిన” అన్నాడు. డోంగ్లి దగ్గర పెట్రోలు బంకు కెమెరాలో ఆ మధ్యాహ్నం రెండున్నరకు అతను కనిపిస్తున్నాడు. కానీ అందువల్ల ఏమీ ఒరగలేదు. చావు పొద్దునే జరిగిందని పోలీసులు రాసుకున్నారు. ఫూల్‌సింగ్ అలాగే చెప్పాడు మరి.

బయట వరండాలో సోనాబాయి టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. “ఏమన్నడక్కా?”

“గదే మాట.”

అంబిక బండి తీసి బీర్కూర్ దారి పట్టింది.

గుంత చుట్టూ పోలీసులు కట్టిన రిబ్బను తెగి చెరుకు తోట కంచెకు వేలాడుతోంది. కావలి షెడ్డు ఖాళీగా ఉంది. నిచ్చెన దిగి అంబిక గుంతలో నిలబడింది. లోతు మనిషిన్నర. తూర్పు గోడ సగం మేర కూలి కుప్పగా పడి ఉంది. శవాన్ని తీయడానికి ఆ కుప్పలో ఒకవైపు తవ్వారు. కూలని సగం నిటారుగా నిలబడే ఉంది.

ముందు ఒడ్డు పైఅంచు చూసింది. ఎవరైనా గడ్డపారతో పొడిచి మట్టి పెళ్లలు తోసి ఉంటే అంచు మీద గాట్లు ఉండాలి. ఒక్కటీ లేదు. గడ్డి వేళ్లతో సహా ఒకే పెళ్లగా జారింది. పైనుంచి ఎవరూ తోయలేదు. అయితే కిందినుంచి ఏమైంది?

మోకాళ్ల మీద కూర్చుంది. కూలిన చోటికీ నిలిచిన చోటికీ మధ్య, గోడ అడుగున, పొయ్యి నోరులాంటి గుల్ల ఒకటి సగం మిగిలి ఉంది. లోపల తాపీతో గీకిన సన్నటి చారలు. గోడ అడుగును ఎవరో లోపలికి తవ్వుకుంటూ పోయారు. ఆయన పోయేముందు రెండు రోజులు అకాల వాన పడింది. తడిసి బరువెక్కిన నల్లరేగడి, కింద ఆసరా లేక, తవ్వుతున్న మనిషి మీదే కూర్చుంది.

దేనికోసం తవ్వాడు?

నిలిచిన గోడ మీద టార్చి వేసి, బూడిద రంగు పొర వెంట మెల్లగా జరుపుతూ పోయింది. మొదటి బాడిస దొరికింది ఆ పొరలోనే. ఒకచోట వెలుగు ఆగింది. గిన్నె మూతంత గుండ్రటి పగులు. అంబిక నల్లరేగడి చేలల్లో పెరిగిన మనిషి. తడిపి కూరిన రేగడి ఎండితే ముడుచుకుంటుంది, చుట్టూ సందు వదులుతుంది. భూమిలో తనంతట తాను పేరుకున్న మట్టికి అంత గుండ్రని సందు రాదు.

ఫోన్‌లో వీడియో పెట్టి, పగులు చుట్టూ గీసి, మట్టి బిరడా బయటికి లాగింది. లోపల చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

అరచేతి పొడవు రాయి. నాలుగు పలకలు. ఒక కొస అద్దంలా నున్నగా సానపట్టి ఉంది. తిప్పి చూస్తే ఒక పలక మీద గరుకు కాగితంతో రుద్దిన మచ్చ. ఆ గీతల లోతుల్లో తెల్ల రంగు, దాని మీద నల్ల సిరా చుక్క ఒకటి.

“దొరికిందా మేడం?”

ఒడ్డు మీద నితిన్ నిలబడి ఉన్నాడు. హైదరాబాద్‌లో ఒక డిటెక్టివ్ ఏజెన్సీ మనిషి. ట్రస్టు తరఫున పని చేస్తున్నాడు. రెండేళ్ల కింద ఇంకో కేసులో అంబిక సాక్షిని రాత్రికి రాత్రే మాట మార్పించినవాడు. నింపాదిగా నిచ్చెన దిగాడు.

“ఈ భూమి ట్రస్టు కౌలుకు తీసుకుంది. గుంతలో దొరికిందేదైనా ట్రస్టుకే చెందాలి. ఇటివ్వండి.”

“గుంతల దొరికింది కాదు. గుంతల పెట్టింది. మ్యూజియంలల్ల రాళ్లకు తెల్ల రంగు పూసి దాని మీద నంబరు రాస్తరు. గా నంబరు గీకేసిండు సారు. మీ తిజోరిల ఉన్న రాయికి గూడ ఒక పలక గరుకుగ ఉంటది. ఉన్నదా లేదా?”

నితిన్ గోడవైపు చూశాడు. గోడలో రంధ్రం ఉంది. అతను మూర్ఖుడు కాడు.

“ఇది సార్ చేసిన పనే అంటారా?”

“జావాకెల్లి తెచ్చుకున్న రాళ్లు. ఇంకెవలికి దొరుకుతయ్? ఆయనకు నిజం తెలుసు నితిన్. దీవులకు మనుషులు ఒక్క దిక్కుకెల్లి రాలే, పడవలోళ్లు తైవాన్ దిక్కుకెల్లి వచ్చిన్రు అని కావలోనికి గూడ చెప్పిండు. మీ ట్రస్టుకు గది పనికి రాలే. గా దీవులోళ్ల తాతలు మంజీర ఒడ్డుకెల్లి పోయిన్రు అనే ఒక్క మాట కావాలె మీకు.”

“ఆ మాట ముందు అన్నది ఆయనే. ఎక్కడో సభలో అంటే అందరూ నవ్వారట. ఆ నవ్వు ఆయన్ని తినేసింది.” నితిన్ భుజాలు ఎగరేశాడు. “ఒక్క రాయి చాలదన్నారు పండితులు. ఎండాకాలం నల్లరేగడి నోరు తెరుస్తుంది, పైనున్నది ఎంత లోతుకైనా జారుతుంది, కాబట్టి పొర లెక్క చెల్లదన్నారు. అదే పొరలో రెండోది కావాలి అని ట్రస్టు అడిగింది. వెతకమని అడిగింది, పెట్టమని కాదు.”

“ఎప్పుడు అడిగిన్రు?”

“చాలాసార్లు. చివరిసారి నేనే ఫోన్ చేశాను, ఆయన పోయిన రోజు మధ్యాహ్నం. దాదాపు రెండున్నర. పని నడుస్తోంది, సాయంత్రానికి మంచి వార్త చెబుతానన్నాడు.”

అంబిక రాయిని గట్టిగా పట్టుకుంది. రెండున్నరకు ఆయన బతికే ఉన్నాడు. ఆ వేళకు రూప్‌సింగ్ డోంగ్లి దగ్గర బంకులో ఉన్నాడు.

“గీ మాట పోలీసులకు చెప్పినవా?”

“ఎవరూ అడగలేదు.” అప్పటికి నితిన్‌కు తానేం జారవిడిచాడో తెలిసింది. “నేను చెప్పలేదనే అంటాను.”

“నువ్వు చెప్పకున్న ఫోన్ కంపెనీ చెప్తది.”

“మీకు హత్య వద్దు, మాకు హత్యే కావాలి. రాయి కోసం ప్రాణం తీశారంటే ఆ రాయి అసలుది అని జనం అనుకుంటారు. ప్రమాదం అన్నారనుకోండి, ఆయన గోడలో ఏం చేస్తున్నాడని అడుగుతారు.” గొంతు తగ్గించాడు. “మీరు గెలిస్తే రేపటినుంచి రాజేంద్రప్రసాద్ ఒక దొంగ. ఆయన రాసిన నిజాలు కూడా ఎవరూ చదవరు.”

“బతికున్నోడు జైలుల ఉన్నడు.”

“బతికున్నోడి గురించే అడుగుతాను. ఆ షెడ్డు చూడండి, కేక వేస్తే వినపడే దూరం. డాక్టర్ రాసింది మీరు పూర్తిగా చదివారు కదా. గోళ్లు విరిగి ఉన్నాయి. మట్టి కింద ఆయన చాలాసేపు బతికున్నాడు. అప్పుడు మీ ఫూల్‌సింగ్ ఎక్కడున్నాడు?”

“తండాల పెండ్లి ఉండె. అందరు బువ్వకు పోయిన్రు.”

“పోయాడు. తిరిగి ఎప్పుడొచ్చాడు?”

అంబిక రాయిని రుమాలులో చుట్టి సంచిలో వేసుకుని నిచ్చెన ఎక్కింది. నితిన్ అడ్డుపడలేదు. ఆ అడ్డుపడకపోవడమే ఆమెకు నచ్చలేదు.

వకీలుకు ఫోన్ చేసింది. వీడియో, రాయి, ఫోన్ కాల్ వివరాలు, బంకు కెమెరా, ఇవి చాలు, బెయిలేమిటి, కేసే నిలవదు అన్నాడాయన. కానీ ఫూల్‌సింగ్ నోటితో ఒప్పుకోలు వెనక్కి తీసుకోవాలి, అది రికార్డు చేసుకురమ్మన్నాడు. దవాఖాన వరండాలో సోనాబాయికి కేసు నిలవదన్న మాట చెప్పగానే ఆమె టిఫిన్ డబ్బా పక్కన పెట్టేసింది. తర్వాత కొడుకు నంబరు నొక్కడం మొదలుపెట్టింది. రెండుసార్లు తప్పు నొక్కింది.

అంబిక లోపలికి వెళ్లి ఫోన్ రికార్డింగులో పెట్టి మంచం మీద ఉంచింది.

“కాకా, సారును ఎవలు చంపలే. గోడల తనే పెట్టిన రాయి దొరికినట్టు చెయ్యనీకె ఆయనే కింద తవ్విండు, గోడ మీద పడ్డది. నీ కొడుకు గా టైముకు ఆడ లేడు.”

ఫూల్‌సింగ్ మెల్లగా ఇటు తిరిగాడు. “లేడా?”

“లేడు. డోంగ్లి కాడ బండిల పెట్రోలు పోయించుకుంటుండు. గిదో సూడు.”

బంకు కెమెరా బొమ్మ చూపించింది. అతను తల ఎత్తి చూశాడు. బేడీ లేని చేతి వేలితో కొడుకు ముఖాన్ని తాకాడు. తాకగానే బొమ్మ పెద్దదై ముఖం పక్కకు పోయింది. అంబిక మళ్లీ సరిచేసి పెట్టింది.

“మరి దస్తీ?”

“ఏ దస్తీ?”

“వాని మొకం తుడుసుకునే దస్తీ. గుంత ఒడ్డుకు పడి ఉండె. నేను తీసి పొయ్యిల ఏసిన.”

“పొద్దుగాల లొల్లిల పడిపోయి ఉంటది. వాడు సూసుకోకుంటనే పోయిండు. లొల్లి అయినంక సారు ఎంతోసేపు బతికున్నడు కాకా, ఫోన్ల గూడ మాట్లాడిండు.”

ఫూల్‌సింగ్ కళ్లు మూసుకున్నాడు. బరువు దిగిందని అంబిక అనుకుంది. అతని ఛాతీ ఎగిరెగిరి పడుతుంటే నర్సును పిలవాలా అని లేచింది కూడా.

“కూసో బిడ్డా.”

కూర్చుంది.

“పెండ్లికాడ బువ్వ తిని నేను జల్దిన వచ్చిన. గోడ కూలి ఉన్నది. ఒడ్డుకు దస్తీ కనవడ్డది. మట్టి కిందికెల్లి సారు పిలుస్తుండు. నా అడుగుల సప్పుడు ఇన్నడు గావొచ్చు. ఫూల్‌సింగ్, ఫూల్‌సింగ్ అని.” నెమ్మదిగా, ఎవరికో దారి చెబుతున్నట్టు చెప్పాడు. “ఉరికి పార తెచ్చిన. దిగిన. కొంత మన్ను ఎత్తి పక్కకు పోసిన గూడ. అప్పుడు అనిపించింది, పొల్లగాడే తోసిండు, సారు బయటికొస్తె వాని పేరు చెప్తడు, వాని బతుకు ఆగమైతది అని. చేతులు ఆగిపోయినయ్.”

వార్డులో ఎవరో దగ్గారు. కానిస్టేబుల్ తల ఎత్తి చూసి మళ్లీ ఫోన్‌లో పడ్డాడు.

“పార కింద పెట్టి ఒడ్డుకు కూసున్న. ఆయన పిలుస్తనే ఉండె. నన్ను పిలుసుడు ఆపి ఇంకేవో పేర్లు పిలిచిండు. నాకు ఎర్క లేని పేర్లు. గా దేశపోళ్లయి గావొచ్చు. ఎనకసిరి అది గూడ ఆగింది. నేను తీసిన మన్ను మల్ల ఎట్లున్నదో గట్లనే పోసిన.” కళ్లు తెరిచాడు. “పొద్దుగాల అన్నది, గడ్డపారతోటి కొట్టిన అన్నది అబద్ధమే. చంపిన అన్నది అబద్ధం కాదు. పొల్లగాని కోసం చేసిన అనుకుంట ఇన్నొద్దులు పండుకున్న. ఇప్పుడు నువ్వు గది గూడ లేకుంట చేసినవ్.”

అంబిక చెయ్యి మంచం మీది ఫోన్ దగ్గరికి వెళ్లింది. రికార్డింగ్ నడుస్తూనే ఉంది. ఒక్క వేలితో నొక్కితే చెరిగిపోతుంది. చెరిపేస్తే సంచిలోని రాయి, ఆ వీడియో, ఆ ఫోన్ కాల్ అతన్ని ఇంటికి చేరుస్తాయి.

“బంద్ చెయ్యకు” అన్నాడు ఫూల్‌సింగ్.

అప్పుడే సోనాబాయి లోపలికి వచ్చింది. ఈ కేసు మొదలైనప్పటినుంచి ఆమె నవ్వగా అంబిక చూడలేదు. ఇప్పుడు నవ్వుతోంది. “పొల్లగాడు బండి మీద బయలెల్లిండు. బాపుతోటి మాట్లాడుత అంటుండు” అని ఫోన్ భర్త చెవి దగ్గర పెట్టింది.

లంబాడీ మాటల్లో కొడుకు గొంతు వినిపించింది. గాలి హోరులో సగం ఎగిరిపోతున్నా అంబికకు అర్థమవుతూనే ఉంది. “బాపూ, నువ్వు ఏం చెయ్యలేదని నాకు ముందే తెలుసు. ఇంక దిగులు పడకు. రేపో ఎల్లుండో మనం ఇంటికి పోదాం.”

ఫూల్‌సింగ్ అంబిక ముఖంలోకి చూశాడు. చెప్పమని గానీ వద్దని గానీ ఆమె తల ఊపలేకపోయింది.

“రూప్‌సింగ్” అన్నాడతను తన భాషలోనే. “బండి పక్కకు తీసి ఆపు.”

హోరు తగ్గింది.

“ఆపినవా? దిగి కూర్చో. ఒక మాట చెప్పాలి.”

సోనాబాయి ఫోన్ పట్టుకునే ఉంది. ఆమె నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.